పొట్ట లేని అద్దం, నాలుక మీద విబూది

వెల్లూరు వెళ్ళొచ్చానని చెబితే తెనాలిలో ఒక్కరూ కోట ఎలా ఉందని అడగలేదు. "ఎవరికి ఒంట్లో బాగోలేదు?" అనే అడిగారు. కోటను నేను బస్సు కిటికీలోంచి చూశాను. కందకంలో నీళ్ళున్నాయి. అంతకు మించి నాకేమీ తెలియదు కాబట్టి, కోట కోసం ఇది చదవడం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఒంట్లో బాగోలేనిది మా వియ్యంకుడు మునిరత్నానికి. మా అమ్మాయి సుధను గుడియాత్తంలో ఇచ్చాం. వాళ్ళది ఎన్ని తరాల కిందటో అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం. పొలంతో పాటు ఇంటి వెనక లుంగీలు నేసే మగ్గాలు కూడా ఉన్నాయి. చిన్నతనంలో మునిరత్నం, నూలుకు రంగులేసే కొట్టంలో గిన్నెలో పెట్టిన సోడాకారం నీళ్ళను గంజి అనుకుని తాగేశాడట. బతికి బయటపడ్డాడు కానీ అన్నం దిగే గొట్టం ఒకచోట కాలి, మచ్చకట్టి, సన్నబడిపోయింది. అప్పటినుంచీ ఏది తిన్నా మెత్తగా పిసుక్కుని తినడమే. ఈ మధ్య అదీ దిగడం లేదు. ఇలాంటి పాత మచ్చ ఏళ్ళు గడిచాక క్యాన్సర్‌గా మారవచ్చని డాక్టర్లు చెప్పారు. చూద్దామంటే మామూలు కెమెరా గొట్టం ఆ సందులో పట్టలేదు. తోస్తే చిరుగుతుందన్నారు. వెల్లూరులోనే ఒక ఆస్పత్రిలో బాగా సన్నటి కెమెరా ఒకటి కొత్తగా వాడి చూస్తున్నారని, అక్కడికి వెళ్ళమని పంపారు. అక్కడ మొరాయించాడు మావాడు. ఊరూ పేరూ లేని గొట్టాన్ని మింగేది లేదన్నాడు.

చివరికి నాకు ఫోన్ చేశాడు. "బావా, నువ్వు బతుకంతా అద్దాలు అమ్మినోడివి. నువ్వు వచ్చి ఆ అద్దం చూసి సరే అంటే మింగతా. ల్యాకుంటే ల్యా."

నాది కళ్ళజోళ్ళ షాపు. చత్వారం, హ్రస్వదృష్టి, వీటిని దాటి నేను చూసిన జబ్బు లేదు. నా మాట మీద ఒక మనిషి గొంతులోకి గొట్టం దిగుతుందంటే భయం వేసింది. అయినా నన్నే అడిగినందుకు లోపల కాస్త పొంగిపోయాను కూడా. ఆ పొంగు ఎంతోసేపు నిలవలేదు.

కాట్పాడి

రైల్లో నా ఎదుటి సీటులో ఒక బెంగాలీ ఆయన. ఆయనకు తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు, ఇద్దరికీ హిందీ అంతంతమాత్రం. భార్యను వైద్యానికి తీసుకువెళ్తున్నాడు. ఆవిడ దారిపొడవునా మరమరాల్లో ఆవనూనె కలిపి అందరికీ పంచింది. మావైపు రైలెక్కితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలుపెడతాం. ఆయన మాత్రం నన్ను చూడగానే "ఏ డిపార్ట్‌మెంట్?" అని అడిగాడు. గొంతు అని చేత్తో చూపించాను. తలూపి, మరమరాలు ఇంకాస్త పెట్టించాడు. ఆ జాలి నాకు నచ్చలేదు. ఇంకా ఏమీ తేలకుండానే జాలేమిటని మొహం తిప్పుకున్నాను.

కాట్పాడిలో దిగినవాళ్ళలో సగం మంది చేతుల్లో పెద్ద పెద్ద ఎక్స్‌రే కవర్లే. స్టేషన్ కాఫీ చిన్న గ్లాసు పదిహేను రూపాయలు, డికాక్షన్ మాత్రం మన తెనాలిలో ఏ హోటలూ ఇవ్వనంత చిక్కగా ఉంది. తాగుతుంటే సుధ ఫోన్. "నాన్నా, ముందు ఆస్పత్రికెళ్ళి ఆ అద్దమేదో చూసేసే ఇంటికి రా. మామయ్య నీ మాట కోసమే కూర్చున్నారు. పొద్దున్నించి గ్లాసుడు అంబలి కూడా పూర్తిగా దిగలేదు." కాఫీ సగంలో వదిలేసి లేచాను.

వెల్లూరు: భూతద్దం కింద

ఆస్పత్రి వీధిలో బోర్డులు బెంగాలీలో ఉన్నాయి, హిందీలో ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. 'ఆంధ్రా మీల్స్' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్ళాను. గోంగూర అడిగితే ఏదో ఆకు వేశారు, అందులో పులుపు తప్ప అన్నీ ఉన్నాయి. తిట్టుకుంటూనే తిని లేచాను.

కెమెరా చూసే డాక్టరమ్మ తమిళావిడ, వయసు చిన్నదే. రోగుల దగ్గరే నేర్చుకున్న తెలుగు. ఒక మాట గుంటూరుది, తరవాతి మాట కడపది. నేను షాపు నుంచి తెచ్చుకున్న భూతద్దం జేబులోంచి తీస్తే నవ్వలేదు. పక్కన పడేసిన పాత గొట్టం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. పురికొసంత లావు ఉంది. చివర వడ్లగింజ కన్నా చిన్న మొన.

"ఇందులో లెన్సు ఎక్కడమ్మా?"

"ఆ కొనలోనే సార్. పొట్ట ఉండదు. చదునుగా ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. లెన్సంటే మధ్యలో ఉబ్బైనా ఉండాలి, గుంటైనా ఉండాలి. ఎంత పవరు కావాలంటే అంత పొట్ట. నేను చేతులు అరిగేలా అరగదీసింది ఆ పొట్టనే. బల్లపరుపు గాజును లెన్సంటే నా షాపులో పనికి వచ్చిన కొత్త కుర్రాడైనా నవ్వుతాడు. ఆ మాటే అనేశాను.

ఆవిడ కంప్యూటర్లో ఒక బొమ్మ చూపించింది. ఆ గాజు బిళ్ళను ఎన్నో రెట్లు పెద్దది చేసి తీసిన ఫోటో. దాని మీద సన్నటి స్తంభాలు, నారుమడిలో మొలకల్లా ఒత్తుగా. కొన్ని లావు, కొన్ని సన్నం. వెలుగు వాటి మధ్యలోంచి వెళ్తూ ఆ లావు సన్నాలను బట్టి వంగుతుందట. పొట్ట చేసే పనిని ఈ మొలకలు చేస్తాయి. అందుకే కాగితం కన్నా పల్చటి బిళ్ళ చాలు, అందుకే గొట్టం అంత సన్నగా వచ్చింది. అరగదీయడం తప్ప వెలుగును వంచడానికి ఇంకో దారి ఉందని ఈ వయసులో తెలుసుకోవడం, నిజం చెప్పాలంటే, కొంచెం కష్టంగానే ఉంది.

"మరి బొమ్మ బాగా వస్తుందా?"

"రాదు సార్," అంది. "మసకగా వస్తుంది. అంచుల్లో రంగులు చెదురుతాయి. దాన్ని కంప్యూటర్ బాగుచేస్తుంది. మామూలు గొట్టాలతో తీసిన బొమ్మలు దానికి బోలెడు చూపించి నేర్పించాం. మసక బొమ్మ ఇస్తే, అసలు ఎలా ఉండుంటుందో చూసి తేటగా చేసి ఇస్తుంది."

"చూపిస్తుందా, గీస్తుందా?"

"గీస్తుంది," అంది.

నాకు ఆ మాట బాగా అర్థమైంది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చేవాళ్ళు నా షాపులో రోజూ కనబడతారు. బస్సు బోర్డు మీద అక్షరాలు వాళ్ళకు కనబడవు. బస్సు రంగు, బోర్డులో మాట పొడుగు, వచ్చిన వేళ చూసి ఇది గుంటూరు బస్సే అని ఎక్కేస్తారు. తొంభై తొమ్మిదిసార్లు గుంటూరే వెళ్తారు కూడా. నాకు గుర్తుకొచ్చింది ఆ మిగిలిన ఒక్కసారి. అది ఆవిడతోనూ అన్నాను. "అందుకే ఇంకా పరీక్షల్లోనే ఉంది సార్," అంది, దాచకుండా. ఆ దాచకపోవడమే నాకు నచ్చింది.

గుడియాత్తం: అంబలి గ్లాసు ముందు

గుడియాత్తం టౌన్ బస్సులో నా పక్కన బీడీలు చుట్టే ఆవిడ కూర్చుంది. ఒళ్ళో ఖాళీ చేట, చుట్టిన కట్టలు ఎక్కడో అప్పజెప్పి వస్తున్నట్టుంది. తునికాకు లేదు, పొగాకు లేదు, అయినా ఆవిడ వేళ్ళు చేట అంచు మీద ఉత్త గాలిని చుట్టి మడుస్తూనే ఉన్నాయి. నేను అదే చూస్తున్నానని గమనించి, "ఆగవు నాయనా ఇవి. నిద్దర్లో గూడా చుడతా ఉంటాయి," అని నవ్వింది. తరవాత నా మొహం చూసి, "ఆస్పత్రి నుంచా వస్తాండేది?" అంది. ఈ ఊళ్ళలో ఆ సంగతి మొహాల మీద రాసి ఉంటుంది కాబోలు.

మునిరత్నం వరండాలో కూర్చుని ఉన్నాడు. ఏడాది కిందట చూసిన మనిషికీ ఈ మనిషికీ పోలిక లేదు. చొక్కా ఒకరిది, ఒళ్ళు ఒకరిది అన్నట్టు ఉంది. ముందు గ్లాసులో రాగి అంబలి, పైన మీగడ కట్టేసింది. వెనక మగ్గాల చప్పుడు. మా అల్లుడు నేత ఆపి వచ్చి పలకరించి మళ్ళీ వెళ్ళాడు. వియ్యపురాలు కాంతమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, తలుపు పక్కన నిలబడింది.

"చూసినావా బావా?"

"చూశాను బావగారూ."

చూసినదంతా చెప్పాను, స్తంభాల సంగతీ, మసక సంగతీ, కంప్యూటరు గీసే సంగతీ. ఏదీ దాచలేదు. గోడ మీద తమిళ క్యాలెండర్ వైపు చూస్తూ విన్నాడు. వీళ్ళింట్లో తెలుగు మాటకు కొదవ లేదు కానీ తెలుగు అక్షరం సుధకు తప్ప ఎవరికీ రాదు. వీళ్ళు తెలుగువాళ్ళని ఆస్పత్రిలో తెలుగు కాగితం ఇచ్చారట, సుధ చదువుతానన్నా మునిరత్నం దాన్ని నాకోసం అలాగే దాచి ఉంచాడు. చదివి వినిపించాను. పరీక్షకు ముందు ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. కాంతమ్మ ఆ రెండు మాటలూ తనలో తాను మళ్ళీ అనుకుంది.

"గీసేది మిషనే గదా. ఆ డాక్టరమ్మ దాన్ని నమ్మతా ఉండాదా?" అన్నాడు మునిరత్నం.

"కళ్ళు తెరుచుకునే నమ్ముతోంది."

"నువ్వు?"

ఏం చెప్పాలి? ఆ గ్లాసు చూశాను. ఆ చొక్కాలో తేలిపోతున్న భుజాలు చూశాను. "నేనూ నమ్ముతున్నాను. మింగండి," అన్నాను.

"సరి," అని లేచాడు. అంతే.

వెల్లూరు: ఎర్ర గడి

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. నేను ముందుగా వీధి చివరికి వెళ్ళి షేర్ ఆటో ఆపి, డ్రైవర్ తొందర పెడుతుంటే వాడితో గొడవ పడుతూ నిలబడ్డాను. మునిరత్నం, కాంతమ్మ నెమ్మదిగా వచ్చి ఎక్కారు. స్టేషన్‌లో కాట్పాడి వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాం. దారిలో మునిరత్నం గుక్కెడు నీళ్ళిమ్మని కాంతమ్మను ఒకసారి అడిగాడు. ఆవిడ బాటిల్ వీపు వెనక పెట్టుకుంది.

లోపలికి నన్ను కూడా రానిచ్చారు. మునిరత్నం పక్కకు తిరిగి పడుకుని నా మణికట్టు పట్టుకున్నాడు. గొట్టం దిగుతున్నప్పుడు ఆ పట్టు ఎంత బిగిసిందంటే నా వాచీ చర్మంలోకి దిగింది. తెర మీద గులాబీ రంగు సొరంగం. తేటగా, పెళ్ళి ఆల్బం ఫోటోలా ఉంది. మసక అన్న మాట నేను అప్పుడే మరిచిపోయాను. గొట్టం దిగుతూ దిగుతూ ఆ సన్నటి సందు ముందుకు వచ్చింది.

అక్కడ తెల్లగా మచ్చలు. సందు అంచున వరసగా, కాస్త ఉబ్బెత్తుగా, గోడను పట్టుకుని ఉన్నాయి. కంప్యూటర్ వాటి చుట్టూ తనంతట తనే ఎర్ర గడి గీసింది.

అప్పటిదాకా "బాగుంది పెద్దాయనా, ఇంకొంచెం" అంటూ తెలుగులో మాట్లాడుతున్న డాక్టరమ్మ, పక్కనున్న నర్సుతో తమిళంలోకి మారింది. గొంతు తగ్గించింది. మణికట్టు మీద మునిరత్నం పట్టు ఒక్కసారి సడలింది. ఆయనకు తమిళం తనతో సమానంగా వచ్చునని ఆవిడకు గుర్తు లేదు.

తరవాత కూర్చోబెట్టి చెప్పింది. మచ్చలు మంచివిలా కనబడడం లేదు. ముక్క తీసి పరీక్షిద్దామంటే ఇంత సన్నటి గొట్టంలోంచి పనిముట్టు దూరదు, కడగడానికి నీళ్ళు కూడా పంపలేం. రేపు పెద్ద డాక్టర్లు కూర్చుని చూస్తారు. అవసరమైతే ఆపరేషన్. అన్నం దిగే గొట్టాన్ని తీసేసి, కడుపును పైకి లాగి గొంతుకు కలపాలి.

"అట్లయితే అన్నం తింటానా?" అన్నాడు మునిరత్నం.

"కొంచెం కొంచెంగా తినొచ్చు."

"ఇప్పుడూ అంతే గదమ్మా," అని లేచి చెప్పులేసుకున్నాడు.

గుడియాత్తం: వంకాయ ముద్ద

దారిలో అల్లుడికి ఫోన్ చేసి చెప్పేశాడు. "రేపు యాడికీ పొయ్యేది ల్యా. కోసుకోను." నా వైపు చూడలేదు. నేనే మింగమన్నానన్న మాట ఆయన అనలేదు. అని ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ సాయంత్రం ఇంట్లో ముళ్ళ వంకాయల పులుసు చేశారు. వెల్లూరు చుట్టుపక్కల వంకాయ తొడిమకు ముళ్ళుంటాయి. కోసేటప్పుడు చేతులు గీరుకుంటాయి కానీ ఉడికాక వెన్నే. నాకోసమని సుధ చేయించింది. నేను పీట మీద కూర్చున్నాను. మునిరత్నం వచ్చి నా పక్కన కూర్చుని, "నాకూ పెట్టమ్మా," అన్నాడు సుధతో.

"మామయ్యా, మీకు అంబలి..."

"పెట్టమంటే పెట్టు."

ఎవరికీ అడ్డుకునే ధైర్యం లేదు. అన్నం కలిపాడు. పిసకలేదు, మామూలు మనిషిలా కలిపాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలాడు. మొహంలో ఒక వెలుగు వచ్చింది. మింగాడు.

ముద్ద దిగలేదు. కళ్ళు తెరిచాడు. చేత్తో రొమ్ము మీద రాసుకున్నాడు. నోటి నుంచి ఉమ్మి కారడం మొదలైంది, మెడ నరాలు లేచాయి. మాట రాదు. కాంతమ్మ పరిగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. "అయ్యో, కక్కు, కక్కెయ్యి," అని అరుస్తోంది. మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నేను ఆయన తలను కిందికి వంచి పట్టుకుని, ఏమీ చేయలేక, దేవుడా దేవుడా అనుకుంటున్నాను. ఎంతసేపో తెలియదు. చివరికి ముద్ద ముద్దగానే బయటికి వచ్చింది.

ఆయన గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటుంటే కాంతమ్మ చేతికంటిన ఎంగిలి కూడా కడుక్కోకుండా ఎదురుగా కూర్చుంది. "రేపు పోతాండాము. వాళ్ళు ఏమి చెప్తారో ఇనేసి వస్తాము. ఊ అను." ఆయన ఊ అనలేదు. సరేనన్నట్టు తల మాత్రం ఆడించాడు. నా విస్తట్లో పులుసు అలాగే ఉండిపోయింది. అంత మంచి వంకాయను నేను ముట్టుకోలేకపోయాను.

లత్తేరి

పొద్దున గడప దాటబోతుంటే కాంతమ్మ దేవుడి గూట్లోంచి పొట్లం తెచ్చింది. మావైపు విబూది నుదుటికే. ఇక్కడ నుదుట పెట్టి, వేళ్ళకు మిగిలింది చిటికెడు నాలుక మీద వేస్తారు. ముఖ్యమైన పని మీద బయటికి వెళ్ళేవాళ్ళెవరికైనా అది తప్పదట. భర్తకు వేసింది. "అన్నా, నోరు తెరువు," అని నాకూ వేసింది. వద్దనే మనిషినే, కానీ రాత్రి చూసినదాని తరవాత నోరు తెరిచేశాను.

నాకు పైవరస కట్టుడు పళ్ళు. ఆ విబూది వాటి కిందికి చేరి రైల్లో ఒకటే గరగర. నాలుకతో ఎంత తోసినా కదలదు. లత్తేరిలో ఏదో ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి మా ప్యాసింజర్‌ను ఆపేశారు. నేను దిగి ప్లాట్‌ఫారం మీద కుళాయి దగ్గరికి వెళ్ళి పళ్ళ సెట్టు తీసి చేతిలో పెట్టుకున్నాను.

గులాబీ రంగు ప్లాస్టిక్ చిగురు. దాని అంచున, సరిగ్గా మెట్టులా ఉన్నచోట, తెల్లగా వరసగా చుక్కలు. తడిసి, ఉబ్బి, అతుక్కుపోయి ఉన్నాయి. బొటనవేలితో రుద్దినా ఊడలేదు.

నాకు కుళాయి కట్టేయడం కూడా గుర్తు లేదు. నిన్న తెర మీద చూసిన బొమ్మే నా అరచేతిలో ఉంది. ఎర్ర గడి ఒక్కటే తక్కువ.

ఇంతలో ఎక్స్‌ప్రెస్ దాటిపోయింది, మా బండి కూత వేసి కదిలింది. పళ్ళు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. పెట్టెలోని జనం నా బోసినోరు చూసి నవ్వుతూనే చెయ్యందించి లాగారు. పళ్ళు మళ్ళీ పెట్టుకునేదాకా ఆగి, కాంతమ్మ ముందు కూర్చున్నాను.

"చెల్లెమ్మా, నిన్న బయల్దేరేటప్పుడు కూడా బావగారికి నాలుక మీద విబూది వేశావా?"

"ఎయ్యకుండా పంపిస్తానా అన్నా? ఆస్పత్రి పని గదాని ఇంగో చిటికెడు ఎక్కవే ఏసినా."

"నోట్లో ఏమీ వేయకూడదని నేను చదివి వినిపించాను కదమ్మా!"

ఆవిడకు కోపం వచ్చింది. "ఏమీ ఎయ్యల్యా. నీళ్ళడిగితే నీళ్ళు గూడా ఇయ్యల్యా. నువ్వు చూస్తానే ఉంటివే. ఇబూది తినేదా తాగేదా? అది సామిది."

అప్పుడు నా చేతిలో చూసినది చెప్పాను. ఆవిడ వింటూ వింటూ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను ఏసిన దానికి ఆయన్ని కోస్తామన్నారా అన్నా?" అంది. నేను అవుననలేను, కాదనలేను. నా దగ్గరున్నది కట్టుడు పళ్ళ సాక్ష్యం.

మునిరత్నం కిటికీలోంచి చూపు తిప్పలేదు. "అది ఇబూదైతే సరి. కాకపోతే?" అన్నాడు. కాంతమ్మ కొంగు ముడిలో తెచ్చుకున్న విబూది పొట్లాన్ని తడుముకుంది.

మళ్ళీ వెల్లూరు

డాక్టరమ్మ నవ్వుతుందేమోనని మెట్లెక్కుతూనే కోపం సిద్ధం చేసుకున్నాను. అది ఖర్చు కాలేదు. ఆవిడ వింటూనే కుర్చీ లాక్కుని, నిన్నటి బొమ్మల్లో కంప్యూటర్ బాగుచేయకముందువి తీసింది. అవి చూస్తే ఎవరికైనా కళ్ళు నొప్పెడతాయి. అంతా మసక, మధ్యలో తెల్లటి చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ చెదిరిన రంగులు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు తిప్పింది. ఒక చుక్క ఉమ్మితో పాటు కిందికి జారింది. బాగుచేసిన బొమ్మలో ఆ జారడం లేదు.

"మచ్చ జారదు," అంది మెల్లగా.

"మిగతావి?"

"మిగతావి కదలడం లేదు సార్. అంటుకుని ఉన్నాయా, మచ్చలేనా, ఇది చూసి చెప్పలేను." తెర నా వైపు తిప్పి అంది. "మా కంప్యూటర్‌కి విబూది ఎప్పుడూ చూపించలేదు. దానికి తెలిసినంతలో తెల్లగా ఉన్నవన్నీ మచ్చలే. మేము కూడా తిన్నారా, తాగారా అని అడిగాం. ఇది అడగాలని మాకు తోచలేదు."

పెద్ద డాక్టర్లకు ఫోన్ చేసి ఆగమంది. మునిరత్నానికి గోరువెచ్చటి నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించి, నోరు పుక్కిలింపించి, మధ్యాహ్నం దాటేదాకా మళ్ళీ ఏమీ ఇవ్వకుండా కూర్చోబెట్టారు. ఆ వరండాలో కూర్చున్నంతసేపూ నాకు రకరకాల ఆలోచనలు. విబూది కాకపోతే, ఇంత ఆశ పెట్టినవాణ్ణి కూడా నేనే అవుతాను. మింగమన్నదీ నేనే, మచ్చలు కావేమో అన్నదీ నేనే. తెనాలి వెళ్ళి సుధకు ఇంకెప్పుడైనా ఫోన్ చేయగలనా అనిపించింది.

పేరు పిలిచారు. మునిరత్నం లేచాడు. కాంతమ్మ కూడా లేచింది, కొంగు ముడిలోంచి చెయ్యి అలవాటుగా పొట్లం తీసేసింది. తీశాక ఆగిపోయింది. వెయ్యకూడదని ఆవిడకు తెలుసు. వెయ్యకుండా పంపడం ఆవిడ వల్ల కాదు. నుదుట పెట్టింది. అయినా వేళ్ళకు చిటికెడు మిగిలింది. ఆ వేళ్ళు అలాగే గాలిలో పట్టుకుని నిలబడింది.

"ఉత్త నోటితో యెట్ల పంపేది అన్నా?" అంది.

నర్సు తలుపు పట్టుకుని ఉంది. నాకు ఏమనిపించిందో తెలియదు. "ఆయన బదులు నాకు వెయ్యమ్మా," అన్నాను.

ఆవిడ నన్ను ఒక్కసారి పరీక్షగా చూసి, వేసింది. నిండు చిటికెడు.

లోపల మునిరత్నం మళ్ళీ నా మణికట్టు పట్టుకున్నాడు. ఈసారి డాక్టరమ్మ తెరను రెండు భాగాలు చేసింది. ఎడమ పక్క మసక, కుడి పక్క తేట. నేను నోరు మెదపలేదు. నాలుక మీద విబూదిని అలాగే ఉంచుకున్నాను. అది ఆయనది, నా దగ్గర దాచమని ఇచ్చింది అన్నట్టు. గొట్టం దిగుతోంది. గులాబీ సొరంగం. ఆ మలుపు. ఆ సందు.

తెలుపు లేదు. ఎడమ పక్క లేదు, కుడి పక్కా లేదు. ఎర్ర గడి రాలేదు. పాత మచ్చ మాత్రం ఉంది, పాలిపోయి, నునుపుగా, ముడిచిన గుడ్డ అంచులా. డాక్టరమ్మ గొట్టాన్ని అక్కడే ఆపి ఒక చుట్టు చూసింది, ఇంకో చుట్టు చూసింది. అప్పుడు ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. "పెద్దాయనా, ఇవాళ ఇక్కడ చెడ్డదేదీ కనబడడం లేదు. చిన్న బెలూన్‌తో మెల్లమెల్లగా వెడల్పు చేద్దాం. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోవాలి." గొట్టం నోట్లో ఉన్న మనిషి ఏం చెబుతాడు? నా మణికట్టును రెండుసార్లు నొక్కాడు.

బయటికి వచ్చాను. కాంతమ్మ గోడ పక్కన నిలబడి ఉంది, చేతిలో పొట్లం నలిగిపోయింది. "ఏమన్నారు అన్నా?" అంది. నేను ఆవిడ ముందు వంగి, నోరు తెరిచి, విబూది వేసిన నాలుక చూపించాను. తొంగి చూసింది.

"ఏమీ ల్యాదే," అంది.

"లోపల కూడా ఏమీ లేదమ్మా," అన్నాను.

ఆవిడ అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చేసింది. నేనూ పక్కనే కూర్చున్నాను.